మట్టయ్య చూసిన గోడ

అల్మాస్‌గూడ నుంచి ఎల్‌బీనగర్ దాకా ఏ కాలనీలో అడిగినా చెబుతారు, మట్టయ్య మేస్త్రికి గుండుతో పనిలేదని. గుండంటే దారం చివర వేలాడే ఇనుప గుండు. గోడ నిటారుగా లేచిందో లేదో తాపీ పనివాళ్లందరూ దాన్ని వేలాడదీసి చూసుకుంటారు. మట్టయ్య చూసుకోడు. పొద్దున్నే పని మొదలుపెట్టే ముందు గోడకు పదడుగుల దూరం జరిగి, ఎడమ కన్ను మూసి, గడ్డం కాస్త పైకెత్తి కుడికంటితో చూస్తాడు. అంతే.

ఆ చూసేటప్పుడు అక్కడ చీమ చిటుక్కుమనకూడదు. సిమెంటు మాలు కలిపేవాళ్లు పారలు ఆపేస్తారు. తలమీద ఇటుకలున్నా సరే, సైదమ్మ ఉన్నచోటే నిలబడిపోతుంది. సైదమ్మ మట్టయ్య పెళ్లాం, ముప్పయ్యేళ్లుగా ఆయన గోడలకు ఇటుకలు మోసిన మనిషి. మట్టయ్య "ఊఁ" అంటే ఆ రోజు పని మొదలు. అనకపోతే గోడ కూలినట్టే. ఆయన మాట అన్నాక మళ్లీ గుండు వేసి చూడటం పెద్ద అవమానం కింద లెక్క. ఈ నియమం ఎవరు పెట్టారంటే ఎవరూ పెట్టలేదు. పెళ్లిపందిట్లో మర్యాదల్లాగా దానంతటదే వచ్చి కూర్చుంది.

అలాంటి మట్టయ్య ఓ జూన్ పొద్దున త్రినాథరావుగారు కట్టిస్తున్న మేడమీద నిలబడి ఎడమ కన్ను మూశాడు. మూసి, మూసినవాడు మూసినట్టే ఉండిపోయాడు.

గోడ నడుమ పొట్ట పెట్టింది. పాలు పొంగబోయే ముందు మీగడ లేచినట్టు మెత్తగా, నిదానంగా, ఇటుకలన్నీ ముందుకు ఉబికి ఉన్నాయి. వరసలు కూడా సూటిగా లేవు, అక్కడికొచ్చేసరికి వంగి, మళ్లీ సర్దుకుని పోతున్నాయి. నిజం చెప్పాలంటే చూడ్డానికి బాగానే ఉంది. గోడ ఊపిరి పీలుస్తున్నట్టుంది. కానీ బాగుందని గోడను వదిలేస్తే మేస్త్రి ఎలా అవుతాడు?

"ఎవడు కట్టిండు గిది?" అన్నాడు.

కట్టింది గోపయ్య. ఇరవై రెండేళ్లుగా మట్టయ్య పక్కనే తాపీ పట్టినవాడు. ఆయన దగ్గరే పని నేర్చుకుని, ఆయన అడుగులో అడుగేసి నడిచినవాడు. గోపయ్య గోడ వంక చూశాడు, మేస్త్రి వంక చూశాడు.

"కూలగొట్టు" అన్నాడు మట్టయ్య.

గోపయ్య కూలగొట్టాడు. మర్నాటికి మళ్లీ కట్టాడు. ఆ పొద్దున మట్టయ్య ఎడమ కన్ను మూసి చూస్తే మళ్లీ పొట్ట. మళ్లీ కూలగొట్టించాడు. మూడోసారి గోపయ్య ప్రతి వరసకూ దారం కట్టి, దేవుడికి దండం పెట్టుకుని మరీ లేపాడు. మట్టయ్య చూశాడు. పొట్ట ఇంకాస్త పెద్దదైంది.

"ఇరవై రెండేండ్లు నా పక్కన కూసోని ఏం నేర్సుకున్నవ్‌రా నువ్వు? నీకన్న అడ్డా మీది కొత్తోడు నయం" అనేశాడు అందరి ముందూ.

గోపయ్య గోడ కూలగొట్టి, తాపీ కడుక్కుని, తువ్వాల్లో చుట్టుకుని మెట్లు దిగి వెళ్లిపోయాడు. సైదమ్మ ఇటుకల తట్ట దించి ఆ మెట్ల వైపే చూస్తూ నిలబడింది. ఇంటాయన త్రినాథరావుగారు తణుకు నుంచి వచ్చి, దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లో పాతికేళ్లు లెక్కలు చెప్పి రిటైరైనవారు. ఆయన నీడలో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని ఇదంతా చూస్తూనే ఉన్నారు. "మేస్త్రిగారూ, నా కళ్లకైతే గోడ శుభ్రంగానే ఉందండీ" అన్నారు నెమ్మదిగా.

"మీకు లెక్కలు ఎరుక సారూ. గోడ నాకెరుక" అన్నాడు మట్టయ్య. త్రినాథరావుగారు కుర్చీ ఇంకాస్త నీడలోకి జరుపుకున్నారు.

గోపయ్య బదులు ఇంకో మనిషి కావాలి కదా. మర్నాడు ఏడింటికే భార్యాభర్తలిద్దరూ ఎల్‌బీనగర్ అడ్డాకు పోయారు. కూలీలు పనికోసం నిలబడే చోటు అది. మెట్రో లైను కింద నీడ పట్టున నిలబడ్డారు. ఎవరూ కుదరలేదు. ఏమీ తోచక మట్టయ్య అలవాటుకొద్దీ ఎడమ కన్ను మూసి ఎదురుగా ఉన్న మెట్రో పిల్లరును చూశాడు.

పిల్లరు నడుము వంచింది.

ఇంకో పిల్లరును చూశాడు. అది కూడా వంచింది. ఆ పక్కది, దాని పక్కది. ఎక్కడ చూపు ఆనిస్తే అక్కడ సిమెంటు మెత్తబడుతోంది. ముందు చూసిందేమో, చూపు తీసేయగానే మళ్లీ నిటారుగా లేస్తోంది. పైన రైలు పోతోంది. పట్టాల కింది గోడ నదిలా వంకర తిరిగి, రైలును మోసుకుంటూ దిల్‌సుఖ్‌నగర్ వైపు సాగుతోంది. మట్టయ్యకు కల కంటున్నట్టే ఉంది. అడ్డా మీద అరుపులు, ఆటోల మోత దూరమైపోయాయి. వంగుతున్న స్తంభాలు, ఆయనా, అంతే మిగిలారు.

చాలాసేపటికి ఆయనకు ఒక మాట తట్టింది. ఇంత పెద్ద మెట్రో, ఇన్ని వందల పిల్లర్లు, అన్నీ వంకరగా కట్టరు కదా.

"సైదమ్మా, గా పిల్లరు జూడు. మంచిగున్నదా?"

"మంచిగనే ఉన్నది. ఏమైంది?"

మట్టయ్య రెండు కళ్లూ తెరిచాడు. పిల్లరు నిటారుగా నిలబడింది. కుడికంటితోనే చూశాడు. వంగింది.

"మరి గోపయ్య గోడ?" అన్నాడు.

సైదమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని రోడ్డు వైపు తిరిగింది. ఆ తిరగడంలోనే మట్టయ్యకు అంతా తెలిసిపోయింది. ఆ పిల్లరుకే వీపు ఆనించి కూలబడ్డాడు.

సంగతి తెలిసి దవాఖానకు తీసుకుపోయింది త్రినాథరావుగారు. దిల్‌సుఖ్‌నగర్లో, కోచింగ్ సెంటర్ల సందులో, ఆయన శుక్లాల ఆపరేషన్ చేయించుకున్న చోటుకే. కళ్లలో చుక్కలు వేసి బెంచీ మీద కూర్చోబెట్టారు. కాసేపటికి కంటిపాపలు విచ్చుకుని వెలుతురంతా లోపలికి పొర్లింది. పుస్తకాల సంచులతో పోతున్న పిల్లలు, బోర్డులు, కిటికీ ఊచలు అన్నీ పాలలో ముంచి తీసినట్టయ్యాయి. తర్వాత చేతి నరంలోకి పసుపుపచ్చ మందు ఎక్కించి కంటి లోపలి ఫోటోలు తీశారు. మర్నాటిదాకా ఒళ్లంతా పసుపు రాసినట్టుంటుందని నర్సు ముందే చెప్పింది కాబట్టి సరిపోయింది, లేకపోతే మట్టయ్య కామెర్లని బెంబేలెత్తిపోయేవాడు.

డాక్టరు మృదులగారు చిన్న వయసు మనిషి. గళ్లగళ్ల కాగితం ఒకటి చేతికిచ్చి, ఎడమ కన్ను మూసుకుని నడుమ చుక్కను చూడమంది. గళ్లన్నీ బాగానే ఉన్నాయి, చుక్క పక్కన మాత్రం గీతలు ఒకదానిమీద ఒకటి ఒరిగి, కొన్ని మాయమైపోయాయి. అదే పొట్ట. ఇన్నాళ్లూ గోడలో ఉందనుకున్నది కాగితంలో కూడా ఉంది.

"మీరు మేస్త్రిగారు కదా, మీ భాషలోనే చెబుతాను" అంది డాక్టరు. "ఇంట్లో గోడ లోపల నీళ్ల పైపు వదులైతే ఏమవుతుంది?"

"చెమ్మ పడ్తది. ప్లాస్టరింగ్ ఉబ్బుతది."

"మీ కంటి వెనక పొరకీ అదే జరిగింది. సూటిగా చూసే చోట సన్నటి రక్తనాళాలు వదులైపోయాయి. కుడి కంట్లో వాటి పక్కన కొత్తగా పిచ్చి నాళాలు కూడా మొలిచాయి. అవి కారుతున్నాయి. అందుకే గీతలు వంగుతున్నాయి." జబ్బు పేరు మూరెడు పొడుగుంది. పొట్టిగా మాక్‌టెల్ అంటారట. నడిమి వయసు దాటాక ఎక్కడో కొద్దిమందికే వస్తుందట. చేసిన పని వల్ల కాదు, తిన్న తిండి వల్ల కాదు.

"మందు?" అన్నారు త్రినాథరావుగారు.

"కొత్త నాళాలు ఎండిపోవడానికి కంట్లోకి ఇంజెక్షన్ ఇస్తాం. నెలకొకటి, ముందు మూడు. ఎడమ కంట్లో ఇంకా కొత్తవి మొలవలేదు. దానికి ప్రస్తుతం సూది అక్కర్లేదు, కనిపెట్టుకుని ఉండాలి."

"వంకర పోతదా మేడమ్?"

"తగ్గొచ్చు. పూర్తిగా పోతుందని మాత్రం నేను మాటివ్వలేను. వదిలేస్తే కుడికంట్లో నడిమి చూపు పోతుంది. ఈ వారంలోనే మొదలుపెడితే మంచిది."

మట్టయ్య లేచి నిలబడ్డాడు. "కంట్లకు సూదా?" అని ఒక్కటే అన్నాడు. అని, చెప్పులు కూడా సరిగ్గా తొడుక్కోకుండా బయటికి నడిచాడు. ఎనిమిదంతస్తుల మీద పరంజా కర్రల్ని పట్టుకుని నడిచినప్పుడు రాని వణుకు సందులో వచ్చింది. ముప్పయ్యేళ్లు కూడు పెట్టిన కన్ను అది. దానిలో సూది గుచ్చనివ్వడమా!

నాలుగు రోజులు పనికి పోలేదు. కిరాయి ఇంటి మిద్దె మీద కూర్చున్నాడు. ఎన్ని ఇళ్లు కట్టినా మేస్త్రిది కిరాయి ఇల్లే, దాని సంగతి మనకెందుకు. మిద్దె మీంచి చూస్తే అల్మాస్‌గూడ అంతా కనిపిస్తుంది. నీళ్ల ట్యాంకులు, సెల్ టవర్లు, సగం లేచిన మేడలు, ఆరేసిన చీరలు. మట్టయ్య ఎడమ కన్ను మూసుకుని వాటిని చూస్తూ కూర్చునేవాడు. టవరు వయ్యారంగా వంగేది. మేడ అంచు కరిగి, పక్క మేడ వైపు జరిగేది. కరెంటు తీగలు నడుమ ఎక్కడో తెగి, అయినా గాల్లో నిలిచేవి.

సిగ్గు విడిచి చెప్పాలంటే, ఆయనకది నచ్చింది. ముప్పయ్యేళ్లు లోకమంతా నిటారుగా ఉండాలని ఇటుకలతో కొట్లాడిన మనిషి. ఇప్పుడు ఏదీ నిటారుగా లేదు, అయినా ఏదీ పడిపోవడం లేదు. సాయంత్రపు ఎండలో ఊరు ఊరంతా నీళ్లలో తేలుతున్నట్టుంటే, ఆయన ఒడ్డున కూర్చున్నవాడిలా చూస్తుండిపోయేవాడు. పోతే పోనీ ఈ కన్ను, ఇలాగే పోనీ అనిపించేది. సూది గుర్తొచ్చినప్పుడు మరీ అనిపించేది.

నాలుగో రోజు సైదమ్మ పళ్లెంలో జొన్నరొట్టె, పప్పు పెట్టుకుని పైకొచ్చింది. ఎదురుగా కూర్చుంది.

"నీకు ఎప్పుడు ఎరుకైంది?" అన్నాడు మట్టయ్య.

"మొదటి దినమే. నువ్వు చాయకు పోయినప్పుడు గోపయ్య సాటుంగ గుండేసిండు. దారం గోడకు ఎంట్రుకంత తేడా లేకుంట ఉండె."

"మరి ఎందుకు చెప్పలే?"

సైదమ్మ రొట్టె తుంచింది. "నీ కన్ను తప్పయిందంటే మనం కట్టిన ఇండ్లన్నీ తప్పయిపోతయేమో అనిపించింది. ఏం జెయ్యమంటవ్? నోరు రాలే."

మట్టయ్య ఆమెను చూశాడు. అలవాటులో పడిపోయి ఎడమ కన్ను మూసే చూశాడు. చూసి ఉలిక్కిపడ్డాడు.

"నీ బొట్టేది?"

"ఏందీ?"

"బొట్టు పెట్టుకోకుంట ఎందుకొచ్చినవే? నేను బతికే ఉన్న గదా! నీ నొసలు బోడిగ..." గొంతు పెద్దదైంది. అంత కోపంగా ఆయన ఎప్పుడూ ఆమె మీద అరవలేదు.

సైదమ్మ బెదిరిపోయి నుదురు తడుముకుంది. వేలికి కుంకుమ అంటింది. ఆ వేలు ఆయనకు చూపించింది. మట్టయ్య రెండో కన్ను తెరిచాడు. నుదుటి నడుమ కందిగింజంత బొట్టు, ముప్పయ్యేళ్లుగా ఉన్నచోటే ఉంది. మళ్లీ ఎడమ కన్ను మూశాడు. లేదు. గడ్డాన్ని చూస్తే బొట్టు వస్తోంది, బొట్టును చూస్తే బొట్టు పోతోంది.

నడిమి చూపు పోవడమంటే ఏమిటో ఇద్దరికీ ఒకేసారి అర్థమైంది. సైదమ్మ కుంకుమంటిన చేత్తోనే మొహం కప్పుకుని ఏడ్చింది. వంగిన టవర్లు, కరిగిన మేడలు, తేలే ఊరు అన్నీ ఆ క్షణంలో మట్టయ్యకు చేదైపోయాయి. ఎంత అందమైనదైతే ఏం, పెళ్లాం నుదుటి బొట్టును మింగేసే లోకం తనకొద్దు.

"ఏడ్వకు. రేపు పోదాం పా సూదికి" అన్నాడు.

సూది గదిలో చల్లగా ఉంది. మొహం మీద పచ్చ గుడ్డ కప్పి, కంటి దగ్గర మాత్రం తెరిచి ఉంచారు. చుక్కలు వేశారు. కన్ను మొద్దుబారింది. రెప్పలు మూసుకోకుండా చిన్న క్లిప్పు పెట్టారు. "పైకి చూడండి, పైకే చూస్తూ ఉండండి" అంది మృదులగారి గొంతు. మట్టయ్య సైదమ్మ చెయ్యి కోసం వెతికాడు, ఆమె అక్కడ లేదు, బయటుంది. కంటి తెల్లగుడ్డు మీద ఎవరో వేలుపెట్టి నొక్కినట్టయింది. అంతే. ఆ వెంటనే లోపల నల్లటి బుడగలు రెండు మూడు పుట్టి, బావి అడుగున గచ్చకాయలు దొర్లినట్టు నెమ్మదిగా దొర్లాయి. మట్టయ్య ఊపిరి బిగబట్టి వాటినే చూశాడు. అవి ఎటు పోతే చూపు అటు పోయింది.

"అయిపోయింది" అంది డాక్టరు.

"అయిపోయిందా?" అన్నాడు మట్టయ్య, తను వణికిన నాలుగు రోజులకూ సిగ్గుపడుతూ.

వారం దాకా దుమ్ములోకి పోవద్దన్నారు. ఎనిమిదో రోజున ఎల్‌బీనగర్ పోయాడు. గోపయ్య అక్కడ ఓ హాస్టల్ బిల్డింగు మూడో అంతస్తులో గోడ కడుతున్నాడు. మేస్త్రిని చూసి తాపీ కింద పెట్టి లేచాడు. అలవాటు అలాంటిది.

"గోపయ్యా, గోడ మంచిగనే ఉండె. నా కన్నే పాడైంది" అన్నాడు మట్టయ్య అందరి ముందే. తిట్టింది అందరి ముందు కాబట్టి.

"నాకు ఎరుకే మేస్త్రీ. గుండేసి చూసిన."

"మరి మూడుసార్లు ఎందుకు కూలగొట్టినవ్‌రా?"

"నువ్వన్నవ్ గదా."

మట్టయ్య ఇన్నాళ్లూ దాన్ని గౌరవమనుకున్నాడు. దగ్గరి మనుషులిద్దరూ తన చూపు ముందు నోరు మూసుకుంటే, తను గుడ్డివాడవుతున్న సంగతి చివరికి ఒక మెట్రో పిల్లరు చెప్పాల్సి వచ్చింది. గోపయ్య భుజం పట్టుకుని, "ఇగ నేనన్ననని కూలగొట్టకు. నేను ఊఁ అన్ననని నిలబెట్టకు. నువ్వు జూసి నాకు చెప్పాలె. ఒట్టెయ్" అన్నాడు. గోపయ్య ఒట్టయితే వేశాడు గానీ, వేసేటప్పుడు మేస్త్రి మొహం చూడలేదు.

రెండో సూదికి వంకర కాస్త సర్దుకుంది. మూడో సూదయ్యాక ఓ పొద్దున సైదమ్మ చాయ తెచ్చి ఇస్తుంటే మట్టయ్య ఎడమ కన్ను మూసి చూశాడు. బొట్టు ఉంది. కొంచెం పక్కకు జరిగి, ఒక అంచు చెరిగినట్టుంది గానీ ఉంది. "ఒచ్చింది" అన్నాడు. సైదమ్మ గ్లాసు కింద పెట్టి కళ్లు తుడుచుకుంది. కంటి లోపల చెమ్మ ఆరిందని, గాయపడిన పొర మాత్రం అంతే ఉంటుందని, నెలనెలా వచ్చి చూపించుకోవాలని డాక్టరు చెప్పింది.

అప్పటికి త్రినాథరావుగారి మేడ మీద పిట్టగోడ ఒక్కటే మిగిలింది. గోడలన్నీ తిరిగొచ్చి గోపయ్యే లేపాడు. పిట్టగోడ మాత్రం తనే కడతానన్నాడు మట్టయ్య. రోజంతా కూర్చుని ఒక్కో ఇటుకా చేత్తో తడిమి పెట్టాడు. మూడు నెలల తర్వాత తాపీ చేతిలో పడితే పసిపిల్లాణ్ణి ఎత్తుకున్నంత సంబరమైంది ఆయనకు.

మర్నాడు పొద్దున పదడుగులు వెనక్కి జరిగాడు. పారలు ఆగిపోయాయి. సైదమ్మ తట్టతో నిలబడింది. త్రినాథరావుగారు కుర్చీలోంచి లేచారు. మట్టయ్య ఎడమ కన్ను మూసి, గడ్డం ఎత్తాడు.

గోడ నిటారుగా ఉంది. పొట్ట లేదు, వంపు లేదు, వరసలు గీత గీసినట్టున్నాయి. గుండె నిండిపోయింది. "ఊఁ" అనే మాట గొంతుదాకా వచ్చింది. దాన్ని అక్కడే మింగి, పక్కకు జరిగాడు.

"గోపయ్యా, నువ్వు జూడు."

గోపయ్య వచ్చి ఆయన నిలబడ్డచోటే నిలబడ్డాడు. అచ్చం ఆయనలాగే ఎడమ కన్ను మూసి, గడ్డం ఎత్తాడు. చూశాడు. మళ్లీ చూశాడు. సైదమ్మ వైపు చూశాడు, త్రినాథరావుగారి వైపు చూశాడు, ఎవరూ సాయం రాలేదు. గోపయ్య నుదుటి మీద చెమట పట్టింది.

"మేస్త్రీ..." అన్నాడు. "నడుమ పొట్ట పెట్టింది."

సైదమ్మ తట్ట దించింది. ఎవరూ అడగకుండానే ఆమే గోపయ్య సంచీలోంచి గుండు తీసి, పిట్టగోడ మీంచి దారం వదిలింది. ముప్పయ్యేళ్లలో మట్టయ్య గోడకు అందరి ముందూ గుండు పడటం అదే మొదలు. గుండు అటూ ఇటూ ఊగి ఆగింది. నడుమ ఇటుకలకు దారం ఆనుకుంది. అడుగున గోడకీ దారానికీ మధ్య వేలు దూరేంత ఖాళీ ఉంది.

మట్టయ్య మళ్లీ కుడికంటితో చూశాడు. ఆయనకు గోడ ఇప్పటికీ నిటారుగానే ఉంది, కంట్లో మిగిలిన వంకరకు సరిపోయేలా కట్టేశాడు మరి. ఎప్పటికీ అలాగే ఉంటుంది కాబోలు. దగ్గరకు పోయి దారాన్ని వేళ్లతో పట్టుకుని, ఆ ఖాళీలో వేలు పెట్టి చూసుకున్నాడు. బాధ కలిగింది, లేదని కాదు. కానీ దాని వెనకే పెద్ద నెమ్మది వచ్చింది. ఇక ఈ లోకంలో చూపంతా తనొక్కడే మోయనక్కర్లేదు. ఒట్టు నిలబెట్టుకున్న మనిషి పక్కనే ఉన్నాడు, చెమటలు కక్కుతూ.

"కూలగొట్టాలె మేస్త్రీ" అన్నాడు గోపయ్య. ఆ మాట అనేటప్పటికి అతని కళ్లలో నీళ్లు తిరిగాయి.

మట్టయ్య వంగి సుత్తి అందుకున్నాడు.

"ఊఁ" అన్నాడు.